కారము వచ్చిన త్రోవ



తెలుగువారి భోజనమును గూర్చి యెవరు మాటాడినను మొట్టమొదట వచ్చు మాట కారము. ఇతర ప్రాంతములవారు మన యింట విందు కుడిచి, కన్నుల నీరు పెట్టుకొని, రెండుమారులు నీళ్లు త్రాగి, మరల విస్తరిమీద చేయి పెట్టుట చూచి మనము నవ్వుకొందుము. “ఉప్పు కారము తినుచున్నవాడవేనా?” యని యొకరినొకరు రోషమునకు పురికొల్పుకొను జాతి మనది. పౌరుషమునకును కారమునకును ఇంత గట్టిముడి వేసికొనిన వారము గనుక, ఆ కారము అనాదిగా మనదే యని తలచుట సహజమే. ధర్మరాజు రాజసూయములో భోజనపంక్తిని వర్ణించుచు, వడ్డనలో కొరివికారమును గూడ చేర్చిన పురాణకథకులను నేను విన్నాను. వినువారికి నోరూరినది గాని, చరిత్ర అందులకు సమ్మతింపదు. ధర్మరాజు మాట అటుండనిండు. రాజరాజనరేంద్రునకు గాని, రుద్రమదేవికి గాని, కొండవీటి రెడ్డిరాజులకు గాని మిరపకాయ యనునది లోకమున నొకటి కలదని తెలియదు. పల్నాటి జొన్నకూటిని నిందించినాడని చాటువులలో వినవచ్చు శ్రీనాథునకు, ఆ పల్నాటనే నేడు ఎఱ్ఱగా పరచియుండు మిరపకళ్లములను చూచు భాగ్యము లేదు.

కారము మనకు ప్రాచీనము, మిరపకాయ నూతనము. ఈ రెండింటి నడుమ నున్న కథయే నేడు నేను మనవి చేయదలచినది.

రాతిమీద చెక్కిన శాసనములే ప్రమాణములని కొందరందురు. నాలుకమీద నిలిచిన మాటలును శాసనములే. మిరపకాయ యను పేరును మిరియము ప్రక్కన నిలిపి చూడుడు. రెండును ఒక్క యింటి బిడ్డలని తోచును. తమిళమున మిరియము మిళగు, మిరపకాయ మిళగాయ్. కన్నడమున మిరియము మెణసు, మిరపకాయ మెణసినకాయి. హిందీవారికి రెండును మిర్చియే. రంగును బట్టి నల్లమిర్చి, ఎఱ్ఱమిర్చి యని వేరు చేసికొందురు. అనగా క్రొత్తకాయ వచ్చినపుడు దానికి క్రొత్తపేరు పెట్టువారు లేక, అంతకుముందు కారమునకు నాయకుడైన మిరియము పేరునే అతికించినారు. మలయాళదేశమున జరిగినది మరియు విచిత్రము. అచ్చట ములకు అను మాట మిరియమునకు సొంతము. మిరపకాయ వచ్చి ఆ మాటనే ఆక్రమించుకొనగా, సొంతదారుడైన మిరియము కురుములకు అని విశేషణము తగిలించుకొని ప్రక్కకు తప్పుకొనవలసి వచ్చినది. మిరపకాయకు అక్కడ కప్పల్ ములకు అను పేరు గూడ కలదు. కప్పల్ అనగా ఓడ. ఓడమిరియము! ఏ త్రోవను వచ్చినదో పేరులోనే వ్రాసిపెట్టినారు.

ఓడ రాకముందు మనవారు చప్పిడి తినుచుండిరా? ఎంతమాత్రము కాదు. షడ్రసములలో కటురసము వేదవైద్యుల కాలమునుండి లెక్కకు వచ్చినదే. శొంఠి, పిప్పలి, మిరియము, ఈ మూటిని కలిపి త్రికటువన్నారు. చరకసుశ్రుతులు కారమును గూర్చి యెంతయో చెప్పిరి గాని వారి గ్రంథములలో మిరపకాయ లేదు. మన దక్కను పీఠభూమినే కల్యాణపురమున ఏలిన చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసము 1130 ప్రాంతమున వెలసినది. అందలి అన్నభోగప్రకరణమున రాజుగారి వంటలు సవిస్తరముగా నున్నవి. మాంసపు ముక్కలను చువ్వలకు గ్రుచ్చి, నిప్పులమీద కాల్చి, ఉప్పును మిరియపుపొడిని చల్లి, పులుసు పట్టించి వడ్డించు విధములు అందు చదువవచ్చును. నేను మాంసము ముట్టువాడను గాను. అయినను ఆ భాగమును చదివినపుడు వంటవాని చేతివాటము కన్నులకు కట్టినది. ఘాటునకు అక్కడ కొదువలేదు. ఇంగువ యున్నది, అల్లమున్నది, జీలకఱ్ఱ యున్నది. మిరపకాయ మాత్రము లేదు.

కృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలినాడు. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున ఏమి వడ్డించెనో చెప్పుచు, శీతకాలపు భోజనమును వర్ణించినాడు. పరిమళించు క్రొత్తబియ్యపన్నము, మిరియపుపొడితో చుఱుకెక్కిన వేడికూరలు, ముక్కునదరగొట్టు ఆవపెట్టిన పచ్చళ్లు, ఊరగాయలు, కాగిన నెయ్యి, పాలు. ఈ పట్టిక మన పెద్దలకు చదివి వినిపించినచో నేటి పండుగభోజనమే యనుకొందురు. పచ్చళ్లున్నవి, ఊరగాయలున్నవి, చుఱుకున్నది. అయితే ఆ చుఱుకు మిరియముది, ఆ ఘాటు ఆవది. ఇంకొక మాట. మనమెంతో గర్వముతో చెప్పుకొను ఆవకాయ పేరును చూడుడు. జాడీలో ఎఱ్ఱగా తేలునది మిరపకారము. పేరు మాత్రము ఆవపిండిది. ఆవయే ఆ యూరగాయకు మొదటి యజమాని యనియు, ఎఱుపు తరువాత వచ్చి చేరినదనియు నా యభిప్రాయము. ఇంటిపేరు మార్చకుండ ఇల్లు మాత్రము ఆక్రమించిన దత్తపుత్రుని వంటిది మిరపకాయ.

ఇక మిరియము సంగతి. అది రాజభోజనమునకు తగినది గాని పేదవాని యింటికి అలవోకగా వచ్చునది కాదు. దాని తీగకు మలబారు వర్షములు కావలెను, చెట్టునీడ కావలెను, పాకుటకు మ్రాను కావలెను. మన మెట్టనేలలలో అది బ్రతుకదు. కొండలు దాటియో సముద్రముమీదుగనో రావలసినదే. వచ్చిన ప్రతిచోట సుంకము చెల్లింపవలసినదే. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము విధింపబడిన సరకులలో చందనము, కర్పూరము, ముత్యములు, పగడములు, పట్టు వీనితో కూడ మిరియములును ఉన్నవి. ఎవరి ప్రక్కన కూర్చున్నదో చూచితిరా! 408వ సంవత్సరమున గోతుల రాజైన అలారిక్కు రోమానగరమును ముట్టడించి, విడిచిపోవుటకు అడిగిన ధనములో 5000 పౌనుల బంగారముతో పాటు 3000 పౌనుల మిరియములు కలవు. అంతకు మూడువందల యేండ్లకు పూర్వమే ప్లినీ యను రోమను పండితుడు, కారముగా నుండుట తప్ప వేరు గుణము లేని యీ గింజకొఱకు ఇండియాదేశమునకు ఇంత ధనము పోవలెనా యని విసుగుకొన్నాడు. ఆ లెక్కన పిప్పలి వెల మిరియమునకు మూడు రెట్లకు పైబడియుండెను. యూరపుభాషలలో మిరియమును చెప్పు మాటయే మన పిప్పలి శబ్దమునుండి పుట్టినది.

ఆ మిరియముల వెలయే మిరపకాయను లోకమునకు చూపినది. మిరియముల దేశమునకు అడ్డత్రోవ వెదకుచు కొలంబసు 1492లో పడమరగా పోయి అమెరికాదీవులు చేరినాడు. అచ్చటివారు తిను ఎఱ్ఱని కాయను 1493 జనవరిలో తన దినచర్యలో పేర్కొని, ఇదియే వీరి మిరియమని వ్రాసికొన్నాడు. దొరకనిదానికి బదులు దొరికినదానికి ఆ పేరే పెట్టుట మనవారికి మాత్రమే చెల్లినది కాదు. ఆ కాయ ఆ దేశములలో నిన్న మొన్న పుట్టినది కాదు. మెక్సికో ప్రాంతపు జనులు ఆరువేల యేండ్లకు పూర్వమే దానిని పెంచి తినుచుండిరని త్రవ్వకములు నిరూపించినవి. చిల్లి యను మాటయు వారిదే.

వాస్కోడగామా 1498లో కాలికట్టు చేరుట, పోర్చుగీసువారు 1500లో బ్రెజిలు తీరమును, 1510లో గోవాను వశపరచుకొనుట మన పాఠశాల పిల్లలకు గూడ తెలిసినదే. ఒక చేతిలో బ్రెజిలు, ఒక చేతిలో గోవా యున్నవారి ఓడలలో ఆ గింజలు 16వ శతాబ్దమున ఇక్కడకు వచ్చినవి. మన గడ్డ ఆ మొక్కను ఎంత త్వరగా తనదిగా చేసికొన్నదనగా, 1542లో ఫూక్సు అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు తన గ్రంథమున మిరపకాయకు కాలికట్టు మిరియమని పేరు పెట్టినాడు. అమెరికానుండి బయలుదేరి యేబదియేండ్లయినను నిండకముందే యూరపు పండితునకది హిందూదేశపు కాయగా కన్పడినది! అయినను పెద్దల వంటశాలలు దానిని వెంటనే లోనికి రానీయలేదు. అక్బరు కాలపు వంటల వివరములు ఆ శతాబ్దాంతమున అబుల్ ఫజలు వ్రాసిన ఐనీ అక్బరీలో ఉన్నవి. అందు కారమునకు అల్లము, మిరియము తప్ప వేరు లేవు.

రాజుల వంటశాలకు పోక మిరపకాయ మరి యెక్కడకు పోయినది? పెరటికి పోయినది. దాని చరిత్రలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది ఇదియే. మిరపమొక్కకు మ్రాను అక్కఱలేదు, మలబారు వానలు అక్కఱలేదు. అంట్లు తోమిన నీళ్లు చాలును. నారుపోసిన నాలుగు నెలలకు కాపు పట్టును. కోసిన కాయ ఎండబెట్టినచో ఏడాది నిలుచును. ఎండినదానిలోనే మరుసటి యేటి విత్తనమున్నది. సుంకపుచావడి లేదు, సెట్టిగారి త్రాసు లేదు. అంతవరకు కొనదగినవానికే దొరకిన కారము, విత్తుకొనువాని సొత్తయినది.

దీనికి మన తెలుగుదేశముననే యొక చక్కని సాక్ష్యమున్నది. ఈస్టిండియా కంపెనీవారు మలబారు మిరియములకు ఇతరుల ముఖము చూడనక్కఱ లేకుండ సర్కారు జిల్లాలలోనే పండింపవలెనని ఉబలాటపడిరి. వృక్షశాస్త్రమున ప్రసిద్ధుడైన విలియం రాక్సుబరో 1780వ దశకమున సామర్లకోటలో నుండి, రాజమహేంద్రవరపు కొండలలో అడవిమిరియపు తీగ కలదని కనిపెట్టి, తోట వేయించినాడు. కంపెనీ ధనమున్నది, దొరల శాస్త్రమున్నది, కూలివాండ్రున్నారు. అయినను ఆ తోట వ్యాపారముగా నిలువలేదు. ఓడమిరియమునకు మాత్రము ఏ కంపెనీయు తోట వేయింపలేదు, ఏ ప్రభువును ఫర్మానా ఈయలేదు. ఆడువారు కొంగున గింజలు ముడివేసికొని పుట్టింటినుండి అత్తింటికి తెచ్చుకొనిరి, దేశమంతయు నిండినది. ఈ చివరిమాటకు కాగితపు సాక్ష్యము చూపుమని యెవరైన అడుగవచ్చును. మీ యిండ్లలో విత్తనములు నేటికిని ఏ విధముగా ఊరు మారుచున్నవో చూచుకొనుడని నా సమాధానము.

పేదవాని భోజనములో మిరపకాయ చేసిన పని చిన్నది కాదు. జొన్నసంకటి, రాగి అంబలి, చల్దియన్నము, వీనిలో కడుపు నింపు గుణమున్నది గాని నాలుకను పిలుచు గుణము తక్కువ. పప్పు వండుకొనుటకు చాలనినాడు ఒక పచ్చిమిరపకాయయు, ఒక ఉల్లిపాయయు, నాలుగు ఉప్పురాళ్లును ఉన్నచో మడిగట్టుమీద కూర్చుండి అంబలి సుఖముగా త్రాగవచ్చును. మిరపకాయలు, ఉప్పు మాత్రమే దంచిన పొడిని గొడ్డుకారమందురు. ఆ పేరులోని గొడ్డు అను మాట ఎంత లేమిని చెప్పుచున్నదో పల్లెలలో పుట్టిన మీకు వేరుగ విన్నవింపనక్కఱలేదు. నీటితో తడిపిన గొడ్డుకారమునే కూరగా భావించుకొని ముద్ద మ్రింగినవారు మన తాతముత్తాతలలో ఎందఱో. వారికి తెలియకుండనే మరియొక మేలు గూడ జరిగినది. హంగరీదేశపు శాస్త్రజ్ఞుడు సెంట్ జ్యార్జీ 1930వ దశకమున సి విటమినును విస్తారముగా తీసినది తన యూరి మిరపకాయల నుండియే. 1937లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. తూకమునకు తూకము చూచినచో పచ్చిమిరపకాయలో ఆ విటమిను నారింజపండుకంటె ఎక్కువ. నారింజ యెరుగని కూలివానికి మిరపకాయయే నారింజ.

మన యిల్లాండ్రు ఈ పరదేశికాయను వంటలోనికి తెచ్చుకొనిన నేర్పు వేరుగ చెప్పదగినది. పచ్చికాయ ఒక రుచి, పండుమిరప ఒక రుచి, ఎండినది ఒకటి, చల్లలో ఊరవేసి ఎండబెట్టి వేచినది మరియొకటి. అల్లముతో నూరినది, వెల్లుల్లితో దంచినది, కరివేపాకుతో పొడిచేసినది, ధనియములు చింతపండు చేర్చి నల్లకారముగా మార్చినది, వంకాయలో కూరి నూనెలో మగ్గించినది, ఇవియన్నియు మిరపకాయ పుట్టిన దేశమువారికే తెలియవు. కటురసమునకు పేరైన కారమను మాట తుదకు మన యింట మిరపపొడికే పేరైపోయినది. గుణముపేరు వస్తువునకు వచ్చుటకంటె గొప్ప పట్టాభిషేకము ఏమున్నది?

మా నాయనమ్మ రోట మిరపకాయలు దంచునపుడు వీధివీధియంతయు తుమ్మెడిది. ఆమె దంపుడు నడుమ రెండు చుక్కల నూనె వేసెడిది. ఘాటు లేవకుండుటకని చెప్పెడిది. కూర వండునపుడు గూడ కారమును నీటిలో వేయక, సన్నని సెగమీద నూనెలో ఒక్క క్షణము మెదిపి, మాడకమునుపే కూరముక్కలు దించెడిది. ఈ ఆచారమునకు కారణము నేను చాల యేండ్లకు పుస్తకములలో చదివితిని. మిరపలోని మంటకు మూలమైన కాప్సైసిను అను పదార్థము నీటిలో కరగదు, నూనెలోను క్రొవ్వులోను కరగును. అందువలననే నోరు మండినవాడు చెంబెడు నీళ్లు త్రాగినను శాంతింపడు. ఒక గరిటె పెరుగు తిన్నచో శాంతించును. ఇంకొక చిత్రము. మనము మిరపకాయ తిన్నప్పుడు మంట యందుము గదా. అది ఉపమానము కాదు. నాలుకమీద 43 డిగ్రీలు దాటిన వేడిమిని గుర్తించు ద్వారమునే ఆ పదార్థము తట్టునని 1997లో డేవిడ్ జూలియసు అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 2021లో ఆయనకును నోబెలు వచ్చినది. పక్షులకు ఆ మంట తగులదు. కనుకనే చిలుక పండుమిరపకాయను సుఖముగా తిని గింజలు దూరదేశములకు చల్లును.

మంటను చూచి మనము పౌరుషమన్నాము; ఇంగ్లీషువారు దయ్యమన్నారు. మిరియము, ఆవ, మిరపపొడి దట్టించి కాల్చిన వంటకమునకు వారు 18వ శతాబ్దమునుండి డెవిల్ అనియే పేరు పెట్టినారు. నరకాగ్ని కాబోలు వారికి జ్ఞప్తికి వచ్చినది. 1850లో ముగిసిన డికెన్సు నవల డేవిడ్ కాపర్‌ఫీల్డులో దీనికొక ముచ్చటైన ఘట్టమున్నది. విందునాడు మాంసము సరిగా ఉడుకక అందరును చిన్నబోయియుండగా, మికాబరు అను అతిథి లేచి, ఆ మాంసమును పలుచగా కోయించి, మిరియములు, ఆవ, ఉప్పు, మిరపపొడి పూసి నిప్పులమీద కాల్పించును. అప్పులపాలైన మికాబరు ఆ రాత్రికి విందును రక్షించినాడు. ఏడువందల యేండ్లకు పూర్వము సోమేశ్వరుని వంటవాడు చేసినదియు ఇంచుమించుగా ఇదియే; మిరపపొడి యొక్కటే నడుమ వచ్చి చేరినది. చెన్నపట్టణమున కొలువు చేసిన దొరలు మన చారును గూడ వదలలేదు. మిళగుతణ్ణి, అనగా మిరియపునీరు. మన మిరియాల చారు. దానిని ముల్లిగటానీ యని పలికి, మాంసము చేర్చి, తమ దేశమునకు కొనిపోయిరి. ఆ సూపు అలవాటును బట్టి మదరాసు దొరలకు ముల్లులని ఎగతాళిపేరు వచ్చినది. కెన్నీ హెర్బర్టు అను సైనికోద్యోగి 1878లో చెన్నపట్టణపు వంటలపై ప్రకటించిన పుస్తకమున ఆ మాటపుట్టుకను విప్పి చెప్పినాడు. అన్నము తినుచోట యజమాని, సేవకుడను భేదము ఎక్కువకాలము నిలువదు.

ఇంతటి మిరపకాయకును మన యింట ప్రవేశములేని గడప యొకటి యున్నది. శ్రాద్ధమునాటి వంటను గమనించినారా? అనేక కుటుంబములలో ఆనాడు మిరపకాయ పొయ్యిదరికి రాదు, కారమంతయు మిరియముదే. పితృదేవతలకు తెలియని కాయ గనుక వారికి వడ్డింపరాదని భావము. పూరీ జగన్నాథుని మహాప్రసాదమునను మిరపకాయ లేదు. బాలింతరాండ్రకు పెట్టు కాయములో నేటికిని శొంఠి, పిప్పలి, మోడి, మిరియములే పడును. వంటింటినుండి తొలగిన పిప్పలి అక్కడ తలదాచుకొన్నది; దాని వేరైన మోడిని విశాఖ మన్యములో పండించువారు ఇంకను ఉన్నారు. ఆచారమును మూఢత్వమని తీసివేయు పిల్లలతో నేను చెప్పునది ఒక్కటే. ఐదువందల యేండ్ల క్రిందటి తెలుగు వంటిల్లు ఎట్లుండెనో చూడవలెనన్నచో పురావస్తుశాలకు పోనక్కఱలేదు; తద్దినమునాడు భోజనమునకు రండి.

పెరటిలో పుట్టి పేదను ఆదుకొనిన కాయ, పెద్ద పైరై, తిరిగి అంగడికెక్కినది. గుంటూరు మిరపయార్డు ఆసియాఖండమున మిక్కిలి పెద్దవానిలో నొకటి; గుంటూరు సన్నములు సముద్రములు దాటి పోవుచున్నవి. రంగు ఎక్కువగను మంట తక్కువగను ఉండు వరంగల్లు చపాట కాయకు 2025లో భౌగోళికపు గుర్తింపు దొరికినది. ఒకనాడు మిరియమునకు త్రాసు పట్టినట్లే నేడు మిరపకాయకును పట్టుచున్నారు. లాభము వచ్చిననాడు మిద్దెలు లేచును. వెల పడిననాడు శీతలపుగిడ్డంగులలో బస్తాలు అప్పుతో పాటు నిలువయుండును. ఎకరములకు ఎకరములు కౌలుకు తీసికొని మిరపతోట వేసిన రైతు, తన యింటి కారమునకు పెరటిలో నాలుగు మొక్కలు వేసికొనిన తాత పడిన బాధలు కాక వేరు బాధలు పడుచున్నాడు.

2021–22 పంటకాలమున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో మిరపపూతను ఒక నల్లని సూక్ష్మకీటము ముట్టడించినది. పువ్వులోనే చేరి రసము పీల్చును, కాయ నిలువదు. ఎన్ని మందులు కొట్టినను లొంగక, పూతమీదనున్న తోటలను రైతులు తమ చేతులతో పీకివేసికొనిరి. ఆ పురుగు మన దేశపుది కాదు, ఆగ్నేయాసియానుండి వచ్చినది. మన రైతులకు అంతకుపూర్వము పైరుమీద ఎరుకయున్న తామరపురుగు పేరునే దానికి తగిలించి, రంగును బట్టి నల్లతామరపురుగు అనుచున్నారు.